మా ఊరి లైబ్రరీకి నాటకాల బీరువా వచ్చింది, ఎక్కడ మొదలుపెట్టాలి?

లంకల_కుర్రోడు
మాది కోనసీమలో చిన్న ఊరు. చుట్టుపక్కల నాటకాలకి హార్మోనియం వాయించిన పెద్దాయన ఒకాయన పోయాక, వాళ్ల పిల్లలు ఆయన బీరువాని మా శాఖా గ్రంథాలయానికి ఇచ్చేశారు. పద్య నాటకాల పుస్తకాలు, సినిమా పాటల పుస్తకాలు, గ్రామఫోన్ ప్లేట్లు, ఎల్పీలు, క్యాసెట్లు అన్నీ కలిపి కుక్కేసి ఉన్నాయి. ఏదీ ఇంటికివ్వరు. పేపర్లు చదివేవాళ్లు వెళ్లిపోయాక మధ్యాహ్నం అక్కడే కూర్చుని వినమన్నారు లైబ్రేరియన్ గారు. సౌండు తక్కువ పెట్టాలి, అదొక్కటే షరతు.

నా బాధ ఏంటంటే నాకు తెలిసింది సినిమా పాటలే. నాటకం అంటే తీర్థంలో తెల్లార్లూ మైకు హోరు, అంతే. మొన్న ఒక కృష్ణుడి క్యాసెట్ పెట్టాను. పద్యం అయిపోయింది, ఆయన రాగం మాత్రం అవ్వదే! ఫార్వర్డ్ కొట్టేశాను. అదే పద్యం ఘంటసాల పాడితే హాయిగా వింటాను. ఈ బీరువాని ఏ వరసలో చూడాలి? తేదీల ప్రకారమా, కథల ప్రకారమా, సినిమా నుంచి వెనక్కి వెళ్లాలా?

తణుకు_తాతయ్య
ఫార్వర్డ్ కొట్టావా! ఆ హార్మోనియం ఆయన పైనుంచి చూస్తూనే ఉంటాడు నాయనా.

పాలకొల్లు_పద్మ
పాపం, అడిగిన మొదటి రోజే తిట్టకండి తాతయ్యగారూ. రాగం ఎందుకు తీస్తారో ఎవరూ చెప్పకపోతే ఫార్వర్డే కొడతారు.

భీమవరం_బుల్లోడు
ఎందుకు తీస్తారేంటి, గొంతు చూపించుకోడానికి. ఒకాయన ఇంతసేపు తీస్తే పక్కాయన అంతకన్నా ఎక్కువ తీయాలి. కథ గట్టు మీద నిలబడి చూస్తుంటుంది. ఘంటసాల వచ్చి ఆ జబ్బు వదిలించాడు.

హార్మోనీ_మాస్టారు
బుల్లోడు గారికి తర్వాత చెబుతాను. ముందు కుర్రాడి ప్రశ్న.

బాబూ, తేదీల వరస పెట్టుకోకు, విసుగొచ్చి మానేస్తావు. ఒకే ఒక్క కథ తీసుకుని పుస్తకంలో, ప్లేటు మీద, సినిమాలో ఎలా ఉందో చూడు. నన్నడిగితే తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగం. పైగా అది మన నేల సరుకే. చెళ్లపిళ్ల వారు పుట్టింది కడియంలో, దివాకర్ల తిరుపతి శాస్త్రి గారు పుట్టింది భీమవరం దగ్గర యండగండిలో. అందులో పడక సీను, రాయబారం సీను ఈ రెండూ చాలు. "బావా ఎప్పుడు వచ్చితీవు" పడక సీన్లోది, "జెండాపై కపిరాజు" రాయబారంలోది. ముందు పుస్తకంలో పద్యాన్ని రాగం లేకుండా గట్టిగా చదువుకో. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో నీకే తెలుస్తుంది. తర్వాత స్టేజీ నటుల ప్లేటు గానీ క్యాసెట్ గానీ పెట్టు. షణ్ముఖి ఆంజనేయరాజు గారిది దొరికితే ఆయనది, పీసపాటి నరసింహమూర్తి గారిది దొరికితే ఆయనది. ఇద్దరూ ఉంటే అదృష్టవంతుడివి. ఆ తర్వాత 1967లో వచ్చిన శ్రీకృష్ణావతారంలో ఘంటసాల గారిది విను.

ఇప్పుడు రాగం సంగతి. స్టేజీ నాటకం పుట్టినప్పుడు మైకు లేదు. పందిట్లో చివర కూర్చున్న ముసలమ్మకి కూడా వినపడాలి. అందుకే శ్రుతి, అంటే పాడే గొంతు స్థాయి, పైన పెట్టుకునేవాళ్లు. అంత పై శ్రుతిలో మాటలు గబగబా చెబితే అర్థం కావు. పాదం విడమర్చి పాడి, అది జనంలోకి వెళ్లేదాకా రాగంతో నిలబెట్టేవాళ్లు. ఈలోగా పాత్రధారి ఎదుటివాడి మొహం చూస్తాడు, రెండడుగులు వేస్తాడు, శంఖం తీసి మళ్లీ పెడతాడు. క్యాసెట్లో నీకు ఆ నడక కనపడదు, రాగం ఒక్కటే మిగిలింది. అందుకే పొడుగనిపించింది.

గ్రామఫోన్ ప్లేటు దగ్గరికొస్తే పది అంగుళాల దానికి ఒక వైపు మూడు నిమిషాలు, మహా అయితే ఇంకొంచెం. రాత్రి పదిహేను నిమిషాలు పాడినాయన మర్నాడు స్టూడియోలో మూడు నిమిషాల్లో ముగించాలి. ఏది ఉంచాడు, ఏది వదిలేశాడు అన్నది చూస్తే ఆయన దృష్టిలో పద్యానికి ప్రాణం ఎక్కడుందో తెలుస్తుంది. ముందు ప్లేటు, తర్వాత క్యాసెట్ వింటే ఇంకా మంచిది. నువ్వు తిరగేసి మొదలుపెట్టావు.

భీమవరం_బుల్లోడు
మాస్టారూ, మీరు చెప్పింది నిజమే అనుకుందాం. మైకు వచ్చాక కూడా ఎందుకు తగ్గించలేదు మరి? మా చిన్నప్పుడు నాలుగు మైకులు పెట్టి మరీ తీసేవాళ్లు.

హార్మోనీ_మాస్టారు
అప్పటికి జనమే రాగం కోసం వచ్చేవాళ్లు. వన్స్‌మోర్ కొట్టేది మీ తాతగారే కదండీ.

తణుకు_తాతయ్య
కొట్టాం బాబూ కొట్టాం. హరిశ్చంద్రలో లోహితాస్యుడు పాము కరిచి పడిపోయాక చంద్రమతి పద్యానికి వన్స్‌మోర్ అంటే, ఆ పిల్లాడు లేచి దులుపుకుని మళ్లీ పడిపోయేవాడు. మాకేం తేడా అనిపించేది కాదు.

రేవు_రాంబాబు
😂😂 యానాంలో నేను చూసిన నాటకంలో చచ్చిపోయిన పిల్లాడు నిజంగానే నిద్రపోయాడు. కాటిసీను అయ్యాక లేపడానికి వాళ్ల నాన్న స్టేజీ ఎక్కాడు.

నిడదవోలు_జంక్షన్
హరిశ్చంద్ర మాట వచ్చింది కాబట్టి కుర్రాడికి ఒక పని చెబుతాను. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్యహరిశ్చంద్రీయం పుస్తకం ఆ బీరువాలో కచ్చితంగా ఉంటుంది. అది లేకుండా హార్మోనియం ఆయన ఉండడు. డి.వి. సుబ్బారావు గారి కాటిసీను క్యాసెట్ కూడా ఉండొచ్చు. క్యాసెట్ వింటూ పద్యాలని పుస్తకంలో వెతుకు. కొన్ని ఎంత వెతికినా దొరకవు. కంగారుపడి పేజీలు పోయాయనుకోకు. అవి జాషువా గారి శ్మశానవాటి పద్యాలు. నటులు తెచ్చి కలిపారు, జనం ఒప్పుకున్నారు, అవి లేకపోతే కాటిసీనే కాదన్నంతగా అతుక్కుపోయాయి. స్టేజీ నాటకం ఒక్క రచయితది కాదు. పుస్తకం పక్కన పెట్టుకుని వింటేనే ఇది తెలుస్తుంది, యూట్యూబులో ఎన్నిసార్లు విన్నా తెలీదు.

లంకల_కుర్రోడు
జంక్షన్ గారూ, ఇది భలే ఉంది. బలిజేపల్లి పుస్తకం ఉందండి, అట్ట చెదలు తినేసింది గానీ లోపల బానే ఉంది.

గ్రంథాలయ_పక్షి
చెదలా! అయితే ముందు నా మాట వినండి, వినడం తర్వాత. నేను పక్క జిల్లాలో లైబ్రరీ ఉద్యోగిని.

ఆ పుస్తకాన్ని వెంటనే మిగతావాటి నుంచి విడదీయండి. బీరువాని గోడకి ఆనించకండి, కింద ఇటుకలు పెట్టండి. మన డెల్టాలో వర్షాకాలం తేమ ఎంతుంటుందో వేరే చెప్పక్కర్లేదు. గ్రామఫోన్ ప్లేట్లు లక్కతో చేసినవి, ఫంగస్ పట్టినట్టు తెల్లగా కనపడితే స్పిరిట్ పెట్టి తుడవొద్దు, లక్క కరిగిపోతుంది. కొంచెం తడిపిన మెత్తటి గుడ్డతో గాడి వెంట తుడిచి ఆరనివ్వండి, మధ్యలో ఉండే కాగితం లేబుల్ తడవకూడదు. ప్లేట్లయినా ఎల్పీలయినా నిలువుగా పెట్టాలి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే కింది ప్లేట్లు పగులుతాయి, ఎల్పీలు వంగిపోతాయి. ఎల్పీ ముల్లుతో పాత గ్రామఫోన్ ప్లేటు (78 అంటాం) వాయించకండి, దాని గాడి వెడల్పు ఎక్కువ, ముల్లు వేరే ఉంటుంది. క్యాసెట్లు పెట్టేముందు ఒకసారి ఆ చివరికీ ఈ చివరికీ తిప్పండి.

1996 నవంబరు తుపానులో మా దగ్గర తడిసిన పుస్తకాలని ఎండలో ఆరబెట్టారు. కాగితాలన్నీ వంకర్లు పోయి ముక్కలైపోయాయి. నీడలో, ఫ్యాను గాలికి ఆరాలి. కోనసీమవాళ్లకి ఆ తుపాను గురించి నేను చెప్పడమేంటిలెండి.

ఇంకోటి. పుస్తకాలు ఒక బీరువా, ప్లేట్లు ఒక బీరువా అని మీ లైబ్రేరియన్ గారు విడదీస్తారేమో. వస్తువులని అలా పెట్టక తప్పదు గానీ, రిజిస్టర్ మాత్రం కథ ప్రకారం రాయండి. చింతామణి అని ఒక పేజీ. అందులో నాటకం పుస్తకం, ప్లేట్లు, సినిమా పాటల పుస్తకం, ఎల్పీ, క్యాసెట్ అన్నీ ఎక్కడున్నాయో రాసుకోవాలి. వచ్చినవాడు ఒక్క పేజీ చూసి అన్నీ అడగగలగాలి.

రేవు_రాంబాబు
పక్షి గారి పోస్టు ప్రింటు తీసి మా పంచాయతీ ఆఫీసులో అంటించాలి. అక్కడ చెదలు రిజిస్టర్లు కూడా చదివేస్తున్నాయి.

న్యూజెర్సీ_గోదారోడు
ముమ్మిడివరం దగ్గర పుట్టాను, ఇప్పుడు ఇక్కడ ఉంటున్నాను. మా టౌన్ లైబ్రరీలో మ్యూజికల్స్‌కి ఒక అల్మారా అంతా ఉంది. నేను ఇంగ్లీషు మ్యూజికల్స్ నేర్చుకుంది అలాగే, పక్షి గారు చెప్పిన పద్ధతిలోనే. ఇక్కడ స్టేజీ మీద మొదట ఆడినవాళ్లే పాడిన రికార్డుని ఒరిజినల్ కాస్ట్ ఆల్బమ్ అంటారు, సినిమా వచ్చాక దాని సౌండ్‌ట్రాక్ వేరే. రెండూ పక్కపక్కన పెట్టి వినాలి.

మై ఫెయిర్ లేడీ సంగతి చూడండి. 1956లో బ్రాడ్వేలో ఎలైజా వేషం వేసి పాడింది జూలీ ఆండ్రూస్. 1964లో సినిమా తీస్తే ఆ వేషం ఆడ్రే హెప్‌బర్న్‌కి ఇచ్చారు, చాలావరకు పాటలు మార్నీ నిక్సన్ అనే గాయని పాడింది. తెర మీద ఒకరు, గొంతు ఇంకొకరిది. మనకి ఇది కొత్త కాదు కదా, అందుకే ఆ గొడవ చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. వాళ్లకి అదో పెద్ద చర్చ, మన సినిమాల్లో రోజూ ఉండేదే.

న్యూయార్క్ వెళ్తే లింకన్ సెంటర్ దగ్గర పబ్లిక్ లైబ్రరీ వాళ్ల ప్రదర్శన కళల శాఖ ఉంది. అక్కడ రికార్డుల భాండాగారమే కాదు, 1970 నుంచి స్టేజీ నాటకాలని వీడియో తీసి దాచిపెట్టారు. పరిశోధన కోసమని అడిగితే అక్కడే కూర్చుని చూడాలి, బయటికివ్వరు. కాబట్టి కుర్రాడూ, ఇంటికివ్వలేదని బాధపడకు. అక్కడా అదే రూలు.

ఒక్క డౌటు. మన పద్య నాటకాన్ని మ్యూజికల్ అనొచ్చా? వాళ్ల దగ్గర పాటలో కథ ముందుకు నడుస్తుంది. పాట మొదలైనప్పుడు ఉన్న మనిషి పాట అయ్యేసరికి మారిపోతాడు. మన దగ్గర పద్యం వచ్చిందంటే కథ ఆగిపోతుంది.

భీమవరం_బుల్లోడు
అదీ! నేనన్నది అదే. గోదారోడు గారు ఇంగ్లీషులో అంటే ఒప్పుకుంటారు, నేనంటే తాతలని తీసుకొస్తారు.

హార్మోనీ_మాస్టారు
పద్యంలో కథ ఆగుతుందా? రాయబారంలో కృష్ణుడు సభలో పాడే పద్యాలే రాయబారం. అవి తీసేస్తే ఆయన హస్తినాపురం వెళ్లి ఊరికే వచ్చేసినట్టు. ఒక్కో పద్యం దుర్యోధనుణ్ని ఒక్కో వైపు నుంచి నొక్కుతుంది. ముందు మంచిగా అడుగుతాడు, తర్వాత బెదిరిస్తాడు. "చెల్లియో చెల్లకో" నుంచి "జెండాపై కపిరాజు" దాకా గొంతు ఎలా మారుతుందో వినండి.

ఆగే పద్యాలూ ఉన్నాయి, కాదనను. వర్ణనలొచ్చినప్పుడు నేనే హార్మోనియం మీద చెయ్యి వేసి కునికిపాట్లు పడేవాణ్ని.

పాలకొల్లు_పద్మ
పద్యాలే ఎందుకు, పాటలు చూడండి. శ్రీకృష్ణ తులాభారం తీసుకోండి. ముత్తరాజు సుబ్బారావు గారి నాటకం. అందులో సత్యభామ పాడే "మీరజాలగలడా" మాత్రం స్థానం నరసింహారావు గారు స్వయంగా రాసుకుని కలిపింది. ఆయనే సత్యభామ వేషం వేసేవారు, ఆయనే పాడేవారు. కృష్ణుణ్ని దానం ఇచ్చేయబోతున్న మనిషి, నా మాట దాటగలడా అని మురిసిపోతుంది. తర్వాత తూకంలో ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. ఆ పాట లేకపోతే తర్వాత ఆవిడ ఏడుపుకి బరువుండదు. ఇంతకన్నా కథ నడిపించే పాట ఏముంటుంది గోదారోడు గారూ?

1966 సినిమాలో అదే పాటని సుశీల గారు పాడారు, తెర మీద జమున గారు. ఒక మగాయన ఆడవేషంలో తనకోసం రాసుకుని పాడిన పాట, సినిమాకొచ్చేసరికి ఇద్దరు ఆడవాళ్ల మధ్య పంచుకున్నారు. మీ ఆడ్రే హెప్‌బర్న్ కథ కన్నా మనదే బాగుంది.

న్యూజెర్సీ_గోదారోడు
పద్మగారికి ఒక పూతరేకుల డబ్బా. పాటల విషయంలో సరేనండి. పద్యాల విషయంలో మాత్రం నా అనుమానం నాకుంది.

లంకల_కుర్రోడు
సుశీల గారి పాట ఎల్పీ ఉంది. స్థానం వారి గొంతు ప్లేటు ఉందేమో ఇంకా చూడాలి, ప్లేట్ల లేబుల్స్ సగం చెరిగిపోయాయి.

నిడదవోలు_జంక్షన్
అసలు పాటలు నాటకంలోకి ఎలా వచ్చాయో కూడా కుర్రాడు చూడాలి. 1880లో ధార్వాడ నాటక కంపెనీ రాజమండ్రి వచ్చి ఆడి వెళ్లింది. వాళ్లు వేసిన పాకలోనే తర్వాత వీరేశలింగం గారు తన నాటకాలు ఆడించారు. ఆ కంపెనీలు, ఆ తర్వాత వచ్చిన పార్సీ కంపెనీలు పాడిన వరసలు మనవాళ్ల చెవుల్లో ఉండిపోయాయి. పాత నాటకాల పుస్తకాల్లో పాట పైన రాగం, తాళం, ఒక్కోసారి ఫలానా హిందీ పాట వరస అని రాసి ఉంటుంది. ఆ లైను వదిలేయకుండా చదువు. చిలకమర్తి వారి గయోపాఖ్యానం కూడా ఆ బీరువాలో వెతుకు. ఆ రోజుల్లో లక్ష ప్రతులు అమ్ముడైన నాటకమంటారు. టంగుటూరి ప్రకాశం పంతులు గారు చిన్నప్పుడు రాజమండ్రిలో ఆడవేషాలు వేసింది ఆ కాలంలోనే.

మా నిడదవోలు గురించి ఒక ముక్క చెప్పకపోతే నిద్రపట్టదు. బాలాంత్రపు రజనీకాంతరావు గారు పుట్టింది ఇక్కడే. రేడియోలో సంగీత రూపకాలు చేశారాయన. స్టేజీ, సినిమా అని రెండే అంటున్నారు గానీ మధ్యలో రేడియో ఉంది. తెరా లేదు, తెర ఎత్తడమూ లేదు, మొత్తం కథ చెవిలోనే జరగాలి. మ్యూజికల్ అంటే నా దృష్టిలో అదే.

కాకినాడ_కాజా
నిడదవోలు వాళ్లు మాట్లాడాక కాకినాడ ఊరుకుంటుందా?

యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ అని మా ఊళ్లో ఉండేది. ఎస్.వి. రంగారావు, రేలంగి, అంజలీదేవి, ఆదినారాయణరావు అక్కడ స్టేజీ ఎక్కినవాళ్లే. ఆదినారాయణరావు గారి సినిమా సంగీతం వింటే నాటకం హార్మోనియం చప్పుడు ఎక్కడో వినపడుతుంది నాకు. 1957 సువర్ణసుందరి పాటలు వినండి, నా మాట అబద్ధమైతే కాజాలు పంపించను. సి. పుల్లయ్య గారు కాకినాడ మనిషి, 1934 లవకుశ తీసింది ఆయనే. 1963 లవకుశ కూడా ఆయనే మొదలుపెట్టారు, కొడుకు సి.ఎస్. రావు పూర్తిచేశారు. ఘంటసాల సంగీతం, ముప్పైకి పైగా పాటలూ పద్యాలూ. అందులో లీల, సుశీల గార్ల గొంతులతో పిల్లలిద్దరూ రామకథ పాడుతుంటే రాముడు వింటాడు. కథలోని మనుషులే తమ కథని పాటలో వింటున్నారు! గోదారోడు గారి బ్రాడ్వేకి ఈ ఒక్క సినిమా పంపించండి.

తణుకు_తాతయ్య
లవకుశకి మా ఊరి నుంచి బళ్లు కట్టుకుని వెళ్లారు. అది నిజం.

రేవు_రాంబాబు
కాజాగారూ, సువర్ణసుందరిలో హార్మోనియం నాకు వినపడలేదు. కాజాలు ఎప్పుడు పంపిస్తున్నారు?

కాకినాడ_కాజా
చెవులు శుభ్రం చేయించుకున్నాక. 😄

కాళ్లకూరి నారాయణరావు గారిని మర్చిపోయాను. భీమవరం దగ్గర మత్స్యపురిలో పుట్టారు, కాకినాడలో ఉన్నారు. చింతామణి, వరవిక్రయం ఆయనవే. వరవిక్రయాన్ని 1939లో సినిమా తీసింది కూడా పుల్లయ్యగారే, భానుమతి గారికి అదే మొదటి సినిమా. సింగరాజు లింగరాజు వేషం ఎవరు వేశారో తెలుసా? పైన హరిశ్చంద్ర రాశారన్నారే, ఆ బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు. ఒక నాటకకర్త రాసిన వేషం ఇంకో నాటకకర్త వేశాడు.

బెల్లపుదిమ్మ
చింతామణిని 2022 జనవరిలో ప్రభుత్వం నిషేధించింది కదా. అలాంటిది లైబ్రరీలో వినొచ్చా? మా ఇంట్లో వాళ్లకి ఆ నాటకం పేరెత్తితేనే కోపం. సుబ్బిశెట్టి వేషాన్ని అడ్డం పెట్టుకుని మా వైశ్యులని ఎంత వెక్కిరించారో తీర్థాల్లో చూస్తే మీకు తెలిసేది.

హార్మోనీ_మాస్టారు
బెల్లపుదిమ్మ గారూ, మీ కోపం న్యాయమైనదే. ఆ సీన్లో నేను వాయించడం మానేసిన రాత్రులున్నాయి. ఈల కోసం ఎవరి నోటికొచ్చింది వాళ్లు కలిపేవాళ్లు. నిషేధం వచ్చింది ఆడే ఆట మీద. పుస్తకం చదివితే స్టేజీ మీద విన్న బూతులో ఎంత భాగం కాళ్లకూరి వారిది, ఎంత భాగం ట్రూపులది అని మీరే తేల్చుకోవచ్చు. చదవమని మిమ్మల్ని బలవంతం చేయను.

బెల్లపుదిమ్మ
చదివినా నవ్వుకున్నది మావాళ్లని చూసే కదండీ. సరే, కుర్రాడు చదువుకోనివ్వండి. నేను రాయబారం దగ్గర ఉంటాను.

పాలకొల్లు_పద్మ
సినిమా పాటల పుస్తకాల గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. నాకు అవే ఇష్టం. హాలు దగ్గర అమ్మేవాళ్లు. ముందు కథ సగం రాసి, హీరోయిన్ ఏ కష్టంలోనో పడ్డ చోట ఆపి, మిగతా కథ వెండితెరపై చూడండి అని పెట్టేవాళ్లు. వెనక పాటలు. కుర్రాడూ, సినిమా చూడకుండా ముందు ఆ పుస్తకం చదువు, పాటల్ని బట్టి మిగతా కథ ఊహించు. ఊహకి అందిందంటే ఆ సినిమాలో పాటలు పని చేస్తున్నట్టు. మల్లీశ్వరి పాటల పుస్తకం దొరికితే దానితో మొదలుపెట్టు. కృష్ణశాస్త్రి గారి పాటలు ఒక్కోటి చదువుతుంటే ఆ అమ్మాయి ఎక్కడుందో, ఎంత దూరమైపోయిందో తెలిసిపోతుంది. అది పద్య నాటకం కాదు, అయినా నా లెక్కలో మ్యూజికలే.

ఫోన్_ప్లేయర్
అన్నీ ఫోన్లో రికార్డ్ చేసి అప్‌లోడ్ చేసేయ్ బ్రో. మేమూ వింటాం.

గ్రంథాలయ_పక్షి
ఆగండాగండి. మన చట్టంలో రచనకి రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి అరవై ఏళ్లు హక్కులుంటాయి. రికార్డుకి అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి అరవై ఏళ్లు. తిరుపతి శాస్త్రి గారు 1920లో, చెళ్లపిళ్ల వారు 1950లో పోయారు, పద్యాలకి ఇబ్బంది లేదు. చిలకమర్తి వారు 1946, బలిజేపల్లి వారు 1953, వాళ్లవీ ఫర్వాలేదు. స్థానం వారు 1971లో పోయారు, జాషువా గారూ అదే ఏడాది. కాబట్టి ఆ పాటకీ ఆ పద్యాలకీ ఇంకా హక్కులున్నాయి. 1940ల నాటి ప్లేటు ఒక లెక్క, 1980ల నాటి క్యాసెట్ ఇంకో లెక్క. ఒక్కోదానికి రెండు తేదీలు చూడాలి, పాట రాసినాయనది, రికార్డుది. రిజిస్టర్లో ఆ రెండు గళ్లు కూడా గీసుకోండి.

ఫోన్_ప్లేయర్
పాట వినడానికి లెక్కల పరీక్ష రాయాలా 🙏

రేవు_రాంబాబు
సరదాకి ఒకటి. "వివాహ భోజనంబు" అందరికీ మాయాబజార్ పాటగానే తెలుసు కదా. 1922 నాటి ది లాఫింగ్ పోలీస్‌మాన్ అని చార్లెస్ పెన్రోజ్ పాడిన ఇంగ్లీషు పాట ఉంది, వెతికి వినండి. నవ్వే చోట నవ్వుతో సహా మన ఘటోత్కచుడే. లండన్ పోలీసు మన పెళ్లి విందులో కూర్చున్నాడు. మాధవపెద్ది సత్యం గారి గొంతులో ఆ పోలీసు జాడే లేకుండా పోయింది.

న్యూజెర్సీ_గోదారోడు
విన్నాను రాంబాబు గారూ. ఆఫీసులో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కణ్నే నవ్వుతుంటే పక్కవాడు లేచి వెళ్లిపోయాడు.

లంకల_కుర్రోడు
మాస్టారు చెప్పినట్టు పాండవోద్యోగం పట్టుకున్నాను. చదివాను, ప్లేటు విన్నాను, క్యాసెట్ విన్నాను, సినిమాది విన్నాను. బుల్లోడు గారికి కోపం వస్తుందేమో గానీ, ప్లేటే నచ్చింది నాకు. రాగం ఉంది, కానీ కంగారుగా ఉంది, టైము అయిపోతోందని ఆయనకి తెలిసినట్టు. ఘంటసాల గారిది మాట స్పష్టంగా ఉంది, ఎదురుగా సభ ఉన్నట్టు మాత్రం అనిపించలేదు.

ఇంకో సంగతి. పెద్దాయన పుస్తకం మార్జిన్లలో పెన్సిల్‌తో అంకెలున్నాయి. ఒక పద్యం పక్కన 2, కొన్ని పేజీల తర్వాత 4½, మళ్లీ 4. పక్కన చిన్నగా "మూడో కృ." అని ఉంది. ఇవేంటి?

హార్మోనీ_మాస్టారు
శ్రుతులు నాయనా. రాత్రంతా ఒక్క కృష్ణుడే పాడలేడు కదా, సీనుకో కృష్ణుడు వచ్చేవాడు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు. పడక సీన్లో ఆయనది రెండు శ్రుతి అనుకో, రాయబారానికి వచ్చినాయన నాలుగున్నర అందుకుంటాడు. తెర ఎత్తేలోపు హార్మోనియం ఆయన ఆ శ్రుతికి వేళ్లు మార్చుకోవాలి. అదే సీన్లో దుర్యోధనుడి శ్రుతి వేరే ఉంటుంది, ఆయన పద్యానికి అటు, కృష్ణుడి పద్యానికి ఇటు. వేషం కట్టినాయన ఎవరో రాసుకోడు, శ్రుతి రాసుకుంటాడు. ఆయనకి అదే గుర్తు. ఆ అంకెలున్న పేజీలన్నీ ఫోటో తీసి దాచు, అట్టల్లేకపోయినా ఆ పుస్తకం పారెయ్యనివ్వకు.

భీమవరం_బుల్లోడు
ఒకే సీన్లో రెండు శ్రుతులా? అది నాకు తెలీదు. ఘంటసాల విషయంలో మాత్రం నా మాట నాదే.

తణుకు_తాతయ్య
ఉంచుకో నాయనా, ఎవరూ తీసుకోవట్లేదు.

గ్రంథాలయ_పక్షి
ఆ పెన్సిల్ గీతలని రబ్బరు పెట్టి చెరిపి పుస్తకాన్ని శుభ్రం చేద్దామని ఎవరైనా అంటే అడ్డం పడండి. నేను ఇలాంటి పుస్తకాలని అలా శుభ్రం చేయడం చూశాను.

లంకల_కుర్రోడు
లైబ్రేరియన్ గారికి చెప్పాను, ఆయన ఆ పుస్తకాన్ని తన టేబుల్ సొరుగులో పెట్టేశారు. తర్వాత తులాభారం పడదాం అనుకుంటున్నాను. నాటకం పుస్తకం ఉంది, ఎల్పీ ఉంది. 1966 సినిమా పాటల పుస్తకం మాత్రం లేదు. ఎవరి దగ్గరైనా ఉందా?

పాలకొల్లు_పద్మ
మా అమ్మ ట్రంకు పెట్టెలో ఉంది. వెనక పేజీ లేదు, పాటలన్నీ ఉన్నాయి. బుధవారం అమలాపురం వస్తున్నాను, జిరాక్స్ తీసి ఇస్తాను. మీ లైబ్రరీ ఎన్నింటిదాకా ఉంటుంది?

లంకల_కుర్రోడు
సాయంత్రం దాకా ఉంటుందండి. శుక్రవారం ఒక్కటే సెలవు. ఆటో అతనికి రావిచెట్టు సెంటరు అని చెప్పండి చాలు.